ఏ కారుదీ కాని ఇనుప ముక్క

చలి ఇంకా పూర్తిగా పోని ఒక పొద్దున, కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని ఉండగా నా ఫోనుకి తమ్ముడి దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. దాని కింద మాటేమీ లేదు, ఉత్త ప్రశ్నగుర్తు. కళ్లజోడు పెట్టుకుని, ఈ కాలం పిల్లలు నేర్పినట్టు రెండు వేళ్లతో సాగదీసి చూస్తే అది తుప్పు పట్టిన ఇనుప ముక్క. ఒక కొస వెడల్పుగా, బల్లపరుపుగా ఉంది. ఇంకో కొస సన్నబడి, వంపు తిరిగి, చివర ఒక బెజ్జంతో ముగిసింది. వెడల్పు కొసకి కొబ్బరి పీచు తాడు చుట్టిన ఆనవాళ్లున్నాయి. రిటైరయ్యేదాకా హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి తెలియని ప్రశ్నకి కూడా ధైర్యంగా జవాబు చెప్పడం నాకు అలవాటు. అది అట్లకాడ అనీ, చింతపండు వేసి బాగా తోమితే ఇంకా పనికొస్తుందనీ రాసి పంపాను.

వెంటనే ఫోను మోగింది. “అట్లకాడేందక్కా! అది మన కారులో దొరికింది. నువ్వొకసారి రా. నాకు బుర్ర తిరిగిపోతా ఉండాది” అన్నాడు తమ్ముడు. వాడు కరెంటాఫీసులో పని చేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్లు ఇంట్లో ఏదో ఒకదాన్ని విప్పకుండా ఉండలేరు కదా, వాడు విప్పడానికి మా నాయన కారు దొరికింది. కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల తాత కార్లోనే చర్చికి పోతానని ముచ్చట పడింది. అంతే, ఎన్నో ఏళ్లుగా రేకుల షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటూ ఉన్న కారుని వాడు ఎముకలదాకా విప్పేసి, మళ్లీ కూర్చడానికి నానా యాతన పడుతున్నాడు.

మన వయసువాళ్లకి చెప్పనక్కర్లేదు గానీ, అలాంటి కార్లు ఇప్పుడు కంటికి కనబడవు. పైన గుడ్డ టాపు ఉంటుంది, దాన్ని ఇనుప కమ్ములతో సహా వెనక్కి మడిచేస్తే మొత్తం ఆకాశమే. మా వైపు పల్లెల్లో దాన్ని టాపు లేని కారు అనేవాళ్లు. మొదట అది ఒక దొరసానిది, మిషను ఆసుపత్రి డాక్టరమ్మది. విడవలూరు మొదలుకుని సముద్రం ఒడ్డు దాకా ఊరూరా తిరిగి, ఆ రోజుల్లో పేరెత్తడానికే జనం భయపడే కుష్ఠు జబ్బుకి మందులిచ్చేది ఆమె. ఆమెకి డ్రైవరు మా నాయన. ఆమె తన దేశానికి వెళ్లిపోతూ కారుని నాయనకి ఇచ్చేసి పోయింది. నాయన దాన్ని పెళ్లికారు చేశాడు. దంపతులు వెనక సీటు మీద కూర్చుంటే ఊరంతా చూడొచ్చు, అంతకంటే ఏం కావాలి పెళ్లివారికి? చర్చి పెళ్లిళ్లకి పగలూ, లోపలి ఊళ్ల వరి రైతుల ఇళ్లల్లో ఊరేగింపులకి పొద్దు వాలేవేళా, ఆ కారు పోని ఊరు లేదు. నాయన తోలితే పక్కన పెట్టిన గ్లాసులో నీళ్లు కూడా తొణకవని చెప్పుకునేవాళ్లు. ఆ మాట మా తమ్ముడికి ఇప్పటికీ బైబిలు వాక్యంతో సమానం.

డ్రైవరు సీటు నాయనదైతే పక్క సీటు అమ్మది. ఏ ఊరికి బాడుగ వచ్చినా ఆమె పోవలసిందే. బండిలో ఒక ఆడతోడు ఉంటే పెళ్లికూతురికి ధైర్యమని నాయన అందరికీ చెప్పేవాడు. కొత్త పెళ్లికూతుళ్లు బెదిరి ఏడ్చేవాళ్లు కాబట్టి అది అబద్ధమూ కాదు. కాళ్ల దగ్గర తాటాకు బుట్టొకటి పెట్టుకుని, అందులో పూలూ దువ్వెనా పిన్నులూ సర్దుకుని, రాణీగారిలా ముందు సీట్లో కూర్చుని పోయేది అమ్మ. అయితే ఊరు అంత తేలిగ్గా నమ్ముతుందా? మొగుడి మీద అనుమానమని కొందరూ, పెళ్లి భోజనాల మీద యావ అని కొందరూ అన్నారు. మమ్మల్ని పెంచే భారమంతా మీద పడిన మా అవ్వయితే, అంటే నాయన తల్లి, ఆ రెండూ కలిపి ఇంకొకటి చేర్చి అనేది. నాకు జ్వరం వచ్చి పడుకున్నా, తమ్ముడికి దగ్గు పట్టుకున్నా, బాడుగ ఉందంటే అమ్మ బుట్ట చంకన పెట్టుకుని కారెక్కేసేది. సండే స్కూలు పండగలో నేను కంఠతా వచ్చిన కీర్తన ఒక్క తప్పూ లేకుండా అప్పజెప్పి, బెంచీల మీద అమ్మ కోసం వెతికితే అక్కడ అవ్వ కునికిపాట్లు పడుతూ కనబడింది.

అదంతా చిన్నతనం, పోనీ. నా పెళ్లి సంగతి మాత్రం నేను ఎన్నడూ మింగలేకపోయాను. నన్ను చర్చికి తీసుకుపోయింది కూడా ఆ కారే, తోలింది నాయనే. పెళ్లికూతురి తల్లి కూతురి పక్కన కూర్చుంటుంది, కొంగుతో చెమట తుడుస్తుంది, రెండు కన్నీళ్లు రాలుస్తుంది. లోకంలో అందరూ చేసే పనే. మా అమ్మ మాత్రం ఆ రోజు కూడా తన సీటు వదల్లేదు. నా పక్కన పిన్నమ్మని కూర్చోబెట్టి, తను ముందెక్కింది. ఇంటి దగ్గర్నుంచి చర్చి మెట్ల దాకా నేను చూసింది అమ్మ ముడీ, ముడి చుట్టూ తురుముకున్న కనకాంబరాలే. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. నేను ఏడుస్తున్నానని పిన్నమ్మ అనునయిస్తుంటే ఆ మాటలు వినబడి కూడా తిరగలేదు. ఆ రోజు తీసిన ఒక ఫొటో ఉంది నా దగ్గర. అందులో నేను నోరు వంకర పెట్టి ఏడుస్తుంటాను, నా ముందు అమ్మ వీపు ఉంటుంది. డెబ్బై దాటాయి, నాకు పుట్టిన పిల్లలకి పిల్లలు పుట్టారు, అయినా ఆ ఫొటో చూసినప్పుడల్లా బోర్లా పెట్టేస్తాను. అమ్మకి నాకంటే ఆ కారే ఎక్కువా అని అడగాలనుకున్నాను. అడగకుండానే ఆమె వెళ్లిపోయింది.

అందుకే తమ్ముడు పిలవగానే నేను ఎగిరి గంతేసి పోలేదు. అయినా పోయాను. ఇందుకూరుపేట దాటి మైపాడు రోడ్డు మీద వాడి ఇల్లు. ఉప్పు గాలికి ఇనుమేదీ నిలవని చోటు. షెడ్డు ముందు పెద్ద పట్టా పరిచి, కారు అవయవాలన్నీ వరసగా పెట్టి, మధ్యలో వాడు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ మొత్తం గందరగోళం. టాపు కమ్ముల్లో కుడివేవో ఎడమవేవో తెలియదు. అసలు కారు రంగేమిటన్నదే తేలలేదు. నాకు గుర్తున్నది మీగడ రంగు, వాడికి గుర్తున్నది ఆకుపచ్చ. గీకి చూస్తే రెండూ ఉన్నాయి, వాటి కింద ఇద్దరికీ గుర్తులేని నీలం కూడా ఉంది. ఫోనులో ఏయే దేశాల్లోనో అలాంటి కార్లున్న ముసలాయనలు కొందరు వాడికి స్నేహమయ్యారు. వీడు ఫొటో పెడితే వాళ్లు ఫలానా భాగమని చెబుతారు. అలా ఒక్కొక్కటే తేలుతూ వచ్చి, చివరికి మూడు వస్తువులు మిగిలాయి. ఇవి మాత్రం తమ కార్లలో లేవని ఆ పెద్దమనుషులు చేతులెత్తేశారు.

మొదటిది ఒక ఇనుప కడియం, వెనక సీటు పక్కన బిగించేది. దాన్ని చేతిలోకి తీసుకోగానే నాకు నవ్వొచ్చింది. గొడుగు దోపేది అది. ఎండలో పెళ్లికూతురి ముఖం కమిలిపోకుండా, రంగుకాగితాలు అతికించిన పెద్ద గొడుగు అందులో గుచ్చేవాళ్లు. ఒక పెళ్లిలో గాలి తిరిగి ఆ గొడుగు కడియంలోంచి లేచి పోయి రొయ్యలు పట్టేవాళ్ల వల మీద పడిందట. ఆ కథ నాయన చెప్పినప్పుడల్లా గొడుగు ఇంకొంచెం దూరం పోయేది.

రెండోది కారు ముందు భాగంలో అతికించే చిన్న ఇనుప గిన్నె. తమ్ముడు దాన్ని నూనె గిన్నె అనుకుని అది ఎక్కడ పెట్టాలో తెలియక గింజుకుంటున్నాడు. అదీ నాకే తెలిసింది. హిందువుల ఊరేగింపుల్లో కారుకి దిష్టి తీయడానికి బానెట్టు మీదే కర్పూరం వెలిగించేవాళ్లు, రంగు పొక్కులు లేచిపోయేది. మేం క్రైస్తవులం, నాయన తన చేత్తో హారతి ఇవ్వడు. అలాగని పెళ్లివారిని వద్దనీ అనడు. “హారతి వాళ్లది, రంగు మాత్రం నాదే గదా” అని కమ్మరి చేత ఆ గిన్నె చేయించి ముందు బిగించాడు. వాళ్లు వెలిగించుకునేవాళ్లు, అమ్మ సీట్లో కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసుకునేది. రెండు రకాల రక్షణతో బండి కదిలేది. పాస్టరుగారు ఒకసారి అది దేనికని అడిగితే నాయన ఏం చెప్పాడో గాని, ఆ ఆదివారం ప్రసంగం వేరే సంగతి మీద నడిచింది.

మూడోదే నా అట్లకాడ. దానికి తోడుగా ఒక పొడుగాటి కడ్డీ కూడా దొరికింది, రెండూ వెనక సీటు కింద ఒక గోనెసంచిలో చుట్టి ఉన్నాయట. నేను పోయేలోపే ఆ చుట్టుపక్కల అందరూ దాన్ని చూసి తీర్పులు చెప్పేశారు. మైపాడులో పడవలున్న ఎదురింటాయన అది చుక్కాని పిడి అన్నాడు. వరి సేద్యం చేసే మా మరదలి అన్న విత్తనాల గొర్రు ముక్క అన్నాడు. రొయ్యల గుంటలు చూసుకునే పక్కింటి అబ్బాయి గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటరు రెక్క అని ఒట్టేశాడు. నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్కు, ఇది కారుదే కాదు, పాత ఆయిలింజనుది అని తేల్చి పారేశాడు. ఎవరి బతుకులో ఏది ఉంటే వాళ్లకి అది కనబడింది. నాకు వంటిల్లు కనబడింది, ఏం చేస్తాం? అందరి మాటలూ విని తమ్ముడు ఇంకా అయోమయంలో పడ్డాడు. వెల్డింగు ఆయన సోమవారం వస్తాడు, ఆ తర్వాత రంగు వేస్తారు, ఈలోపు ఈ ముక్క ఎక్కడిదో తేలకపోతే పాత ఇనుములో వేసేయాలి. కారు నేల రేకులో, ముందు ఎడమవైపు, ఏ బోల్టూ లేని రెండు బెజ్జాలున్నాయి. అవి తుప్పు తిన్న బెజ్జాలు కావు, ఎవరో కొలిచి కొట్టినవి. వాటినీ మూసేయాలి.

మోకాళ్లు లాగుతున్నాయి, నిలబడలేక, కొత్త గుడ్డ సరిపోయిందో లేదో చూడ్డానికి ఎక్కించి ఉంచిన ఎడమవైపు ముందు సీట్లో నేను కూర్చున్నాను. ఆ సీట్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. చిన్నప్పుడు మమ్మల్ని ఎక్కనిస్తే వెనకే ఎక్కనిచ్చేవాళ్లు, ముందుకి వస్తామంటే అమ్మ గయ్యిమనేది. కాళ్లు చాపుకుంటే నా కుడి మడమ ఒక గుంటలో కుదురుగా కూర్చుంది. వంగి చూశాను. రంగు గీకేసిన ఆ నేల రేకంతా గరుకుగా ఉంది గాని, ఆ ఒక్కచోట మాత్రం పాత రోలులా నున్నగా అరిగి, లోపలికి కొంచెం సొట్టపోయి ఉంది. ఎవరో ఏళ్ల తరబడి అక్కడే మడమ ఆనించి కూర్చుంటే తప్ప రేకు అలా అరగదు. ఆ గుంటకి కాస్త ముందే ఆ రెండు బెజ్జాలు.

ఆ ముక్క తెమ్మన్నాను. తమ్ముడు తెచ్చి బెజ్జాల దగ్గర పెట్టి చూశాడు. కుదిరిపోయింది. వంపు తిరిగిన కొస రేకులోంచి కిందికి దిగింది, పొడుగాటి కడ్డీ దాని చివరి బెజ్జంలోకి దూరింది. వాడు కారు కిందికి దూరి, కడ్డీ రెండో కొస ఎక్కడికి పోతుందో చూసి, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక వేలితో దాని దారి గీసి చూపించాడు. ఆ కడ్డీ అడ్డంగా పోయి నాయన బ్రేకుకి కలుస్తుంది. తాడు చుట్టిన ఆ వెడల్పు కొస నా కాలి కింద ఉంది. నొక్కితే కారు ఆగుతుంది.

పక్క సీట్లో కూర్చున్న మా అమ్మ కాళ్ల దగ్గర ఒక బ్రేకు ఉండేదన్నమాట. బుట్ట చాటున, చీర కుచ్చిళ్ల చాటున, ఎవరికీ కనబడకుండా.

ఇది తెలిశాక సంగతి విడిపోతుందనుకుంటే ఇంకా చిక్కుపడింది. డ్రైవింగు నేర్పే బళ్లకి అలా ఉంటుందని తమ్ముడు మొదట అన్నాడు, కాని నాయన ఎవరికీ ఎప్పుడూ కారు నేర్పలేదు, స్టీరింగు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మరి ఎందుకు? నాయన తాగేవాడు కాదు. కళ్లు బాగానే కనబడేవి. ఊరు అన్న మాటే నిజమా? అనుమానం ఆడవాళ్ల గురించి కాకపోతే నాయన తోలడం గురించా? మొగుడు బండి సరిగ్గా ఆపుతాడో లేదోనని ఒక ఆడమనిషి అన్నేళ్లు కాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుందా? నేనలా పైకే అనేసరికి తమ్ముడి ముఖం ఎర్రబడింది.

“నాయన తోలడం మీద నమ్మకం లేకనా? కోడిపిల్లని కూడా తొక్కలేదక్కా ఆయన! పెళ్లికొచ్చినోళ్లు ఇదేందని అడిగితే ఏం చెప్పేది? మా అమ్మకి మా నాయన మీద నమ్మకం లేదని చెప్పేదా? సోమవారం ఆ బెజ్జాలు మూసేయిస్తా, ఈ ముక్క పారేస్తా” అన్నాడు. నాకూ కోపం వచ్చింది. వాడికి నాయన పరువు పోతుందని బాధ, నాకేమో అమ్మ నన్ను కాదని ఆ సీట్లో ఎందుకు కూర్చుందో చెప్పగల వస్తువు అదొక్కటే. అది పాత ఇనుములోకి పోతే నేను చచ్చేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉండాలి. నాకు చెప్పకుండా దాన్ని పారేస్తే నీ కూతురి పెళ్లికి రానని బెదిరించాను. ఈ వయసులో కూడా తమ్ముళ్లని బెదిరించాలంటే అదొక్కటే ఆయుధం.

ఆ రోజులు తెలిసినవాళ్లు ఎవరున్నారు? కమ్మరి పోయాడు, అవ్వ పోయింది, డాక్టరమ్మ ఏ దేశంలో ఏ మట్టిలో ఉందో. మిగిలింది కావలిలో కూతురి దగ్గర ఉంటున్న పిన్నమ్మ ఒక్కతే, మా అమ్మ చెల్లెలు. ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే, ఆ ముక్కని పాత పేపర్లో చుట్టుకుని, ఇద్దరం ఒకరితో ఒకరం మాట్లాడకుండా తమ్ముడి కొత్త కార్లో కావలి పోయాం. పిన్నమ్మకి చెవులు కొంచెం మందగించాయి గాని మనిషి మాత్రం చురుగ్గా ఉంది. పేపరు విప్పి ఒళ్లో పెట్టగానే ఆమె దాన్ని కొంగుతో తుడవసాగింది. తుడుస్తూ తుడుస్తూ, ఇదేమిటని మేం అడగకముందే, “పారెయ్యలేదా దీన్ని మీ అమ్మ?” అంది.

ఆ తర్వాత ఆమె చెప్పింది నేను నా మాటల్లోనే రాస్తాను, ఆమె మధ్యలో ఏడ్చింది, మేమూ ఏడ్చాం, ఉన్నదున్నట్టు రాయడం నా వల్ల కాదు. డాక్టరమ్మ ఎవరి కోసమైతే ఊళ్లు తిరిగిందో ఆ జబ్బే మా నాయనకి వచ్చింది. కాలి మీద మచ్చ చూసి కనిపెట్టింది కూడా ఆమే. మందులిచ్చింది, జబ్బు నయమైంది. “జబ్బయితే పొయింది గానీ ఆ కాలికి తెలివి మళ్లీ రాలా. కుడి పాదం. నిప్పు తొక్కినా తెలిసేది కాదు మీ నాయనకి” అంది పిన్నమ్మ. ఒకసారి విడవలూరు నుంచి ఖాళీ బండితో వస్తూ, బ్రేకు మీద కాలు ఉందనుకుని నాయన నొక్కాడట. కాలు బ్రేకు మీద లేదు, పక్కకి జారి ఉంది. బండి కాలవ గట్టెక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. నాయన ఇంటికొచ్చి తాళాలు అమ్మ చేతిలో పెట్టి, ఇక తోలనన్నాడు.

తోలకపోతే గడిచేదెట్లా అన్నది ఒక సంగతి. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. కుష్ఠు డాక్టరమ్మ దగ్గర పని చేసిన డ్రైవరు, నిక్షేపంలాంటి మనిషి, ఉన్నట్టుండి బండి ఎందుకు మానేశాడని ఊరు అడుగుతుంది. ఊరికి జవాబు దొరకడానికి ఎంతసేపు? అందుకని ఆ వారంలోనే అమ్మ కమ్మరి దగ్గరికి పోయి, ఆయన చేత ఒట్టు వేయించుకుని, ఆ రెండో బ్రేకు పెట్టించింది. కాలు జారకుండా తాడు తనే చుట్టుకుంది. నాయన స్టీరింగు పట్టుకుని తోలేవాడు, ఆపవలసిన చోట ఇద్దరూ కలిసి ఆపేవాళ్లు. గ్లాసులో నీళ్లు తొణకలేదంటే ఆ గొప్ప ఇద్దరిదీ.

“ఆమె బయపడింది ఆయన కోసం కాదమ్మే, నీ కోసం. ఇంట్లో ఆ జబ్బని తెలిస్తే నిన్నెవురు చేసుకుంటారు? దీని పెళ్లయ్యేదాకా గుట్టు బయటపడగూడదు, ఎవురేమన్నా పడతా అనింది. నా దగ్గర కూడా ఒట్టు పెట్టించుకునింది” అంది పిన్నమ్మ, నా చెయ్యి పట్టుకుని. నా పెళ్లే ఆ కారుకి ఆఖరి పెళ్లి. ఆ తర్వాత నాయన బండి తీయలేదు. టాక్సీలు వచ్చేశాయి, ఇంకెవరెక్కుతారని మేం అనుకున్నాం. ఆయన పోయాక అమ్మ ఆ ముక్కని విప్పించింది. విప్పించిందే గాని పారేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. నాయన కుడికాలి చెప్పు ఎప్పుడూ ఎక్కడో జారిపోయేది, ఒంటి చెప్పుతో ఇంటికొస్తే మేం పకపకా నవ్వేవాళ్లం, చివరికి చిన్నపిల్లలకి కుట్టించినట్టు దానికి వెనక పట్టీ కుట్టించారు. ప్రతి సాయంత్రం అమ్మ గోరువెచ్చని నీళ్లు తొట్టిలో పోసి, ముందు తన చెయ్యి పెట్టి చూసి, ఆయన పాదాలు కడిగి, అరికాళ్లు తిప్పి తిప్పి చూసేది. మొగుడి కాళ్లు కడిగే పతివ్రతలు ఇంకా ఉన్నారా అని అవ్వ దెప్పేది, నాకూ అది చాదస్తంగా కనబడేది. ముల్లు గుచ్చుకుందేమో, పుండు పడిందేమోనని చూసేదన్నమాట. నెలకోసారి మిషను ఆసుపత్రికి పోయి తన నడుంనొప్పికని మాత్రలు తెచ్చేది, ఆ నడుం నొప్పిగా ఉందని ఆమె అనగా నేను ఎప్పుడూ వినలేదు. జబ్బు తగ్గినా నాయన ఏళ్ల తరబడి మింగవలసిన మాత్రలవి. ఇవన్నీ నా కళ్ల ముందు జరిగాయి. పట్టా మీద పరిచిన కారు భాగాల్లా ఒక్కటీ మరుగున లేదు, కాని ఏది దేనికి చెందుతుందో నాకు తెలియలేదు.

తమ్ముడు దారిలో ఒకచోట కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నాయన అంత చక్కగా తోలాడని తను ఇన్నాళ్లూ చెప్పుకున్న గొప్పలన్నీ ఏమైపోయాయోనని బాధపడుతున్నాడేమో అనుకుని వీపు నిమిరాను. వాడు తలెత్తి, “కొత్త తాడు కావాలక్కా. మన వైపు పీచు తాడే కావాలి” అన్నాడు. సోమవారం వెల్డింగు ఆయన వచ్చాడు. బెజ్జాలు మూయలేదు. తాడు తమ్ముడే చుట్టాడు, రెండుసార్లు చుట్టి వదులుగా ఉందని విప్పి మళ్లీ చుట్టాడు. విదేశాల ముసలాయనలకి ఫొటో పెట్టి, ఇది మా కారులో ఉండేదే అని రాశాడట. అలాంటిది ఏ కారులోనూ లేదని ఒకాయన వాదనకి దిగితే, మా అమ్మ కారులో ఉంది అని జవాబు పెట్టాడు.

పెళ్లినాడు కారుని పూలతో ముంచెత్తారు. రంగు సంగతి మరదలు తేల్చేసింది, మీగడ రంగే వేశారు, నేనే గెలిచాను. వెనక సీట్లో పెళ్లికూతురు, దాని పక్కన మా మరదలు. కడియంలో గొడుగు దోపారు. ముందున్న గిన్నెలో మరదలి అన్న కూతురు రెండు మల్లెమొగ్గలు వేసింది. తోలేది తమ్ముడు, వాడి కాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, బండి బ్రేకులు కొత్తవి. ఎడమవైపు సీటు నాదని ఎవరూ చెప్పలేదు, నేను పోయి కూర్చున్నాను. చెప్పులు విప్పేసి, మడమని ఆ గుంటలో ఆనించి, పాదం తాడు మీద పెట్టుకున్నాను. తాడు గరుకుగా, కొత్త పీచు వాసనతో ఉంది. తమ్ముడు ఓరకంట చూసి బండి తీశాడు.

ఇప్పుడు ఆ జబ్బుకి మాత్రలు ఊరి ఆసుపత్రిలోనే ఇస్తారు, తీసుకున్నవాళ్లు మామూలుగా పనికి పోతారు, ఆ కారణంగా ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోయాయన్న మాట నేనీమధ్య విన్నది లేదు. కార్లకి ఏదైనా అడ్డం వస్తే వాటంతట అవే కూతపెట్టి ఆగుతున్నాయి. మంచిదే, నేనేమీ ఆ రోజులు మళ్లీ రావాలని కోరడం లేదు. అమ్మ పడిన భయం ఏ ఆడమనిషీ పడకూడదు. కాని ఆ భయం లేకుండా పోయిన ఈ రోజుల్లో, అంత దగ్గరగా కూర్చుని, ఇంకొకరి కాలికి తన కాలు అరువిచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పోయేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని మాత్రం వెతుకుతుంటాను.

చర్చి దగ్గరికి వస్తుంటే రోడ్డు ఇరుకైంది. బ్యాండు మేళం ముందు నడుస్తోంది, పిల్లలు చక్రాలకి అడ్డం పడి పరుగెత్తుతున్నారు. వెనకనుంచి మా మేనకోడలు, ఆ పెళ్లికూతురే, తనూ పడేలా ఫోను పక్కకి చాపి, “అత్తా, ఇటు చూడు, ఒక్క ఫొటో! అత్తా!” అని పిలుస్తూనే ఉంది. వినబడింది. నా కళ్లు రోడ్డు మీద ఉన్నాయి, కాలు తాడు మీద ఉంది. ఆ ఫొటో ఇప్పుడు నా దగ్గర ఉంది. పాత ఫొటో పక్కనే పెట్టుకున్నాను. రెండింట్లోనూ వెనక ఒక పెళ్లికూతురు, ముందు ఒక ముడి, ముడి చుట్టూ కనకాంబరాలు. ఒకటి అమ్మ వీపు, ఒకటి నాది.